'ఆ రోజు ఏమైంది' క్యాలెండర్: ఏడాది బడిల వాడిన, ఇగ చెప్త

కంపెనీ పేరు రాస్తలేను. ఎందుకంటే తప్పులు సుత చెప్పేదున్నది, మల్ల వాళ్లతోని లొల్లి నాకెందుకు. టేబుల్ మీద నిలబెట్టుకునే క్యాలెండర్ ఇది, రోజుకో కాయితం, పైన స్ప్రింగ్, చింపుడు లేదు, వెనుకకు తిప్పుడే. ప్రతి కాయితం మీద ఆ తారీఖున చరిత్రల ఏం జరిగింది, ఆటలల్ల ఏం జరిగింది అని నాలుగైదు ముక్కలు తెలుగుల ఉంటయి. మొత్తం 366 కాయితాలు, ఫిబ్రవరి 29 సుత పెట్టిండ్రు. ఆదివారం సోమవారం అని వెయ్యలేదు కాబట్టి ఏ సంవత్సరమైనా నడుస్తది. ఎమ్మార్పీ 399, నాకు 350కి ఇచ్చిండు.

కొన్నది 2025 జూన్ ఫస్ట్ వీక్ల. బడి తెరుస్తరనంగ చాక్‌పీసులు, రిజిస్టర్లు తెచ్చుకుందామని హనుమకొండ చౌరస్తా దిక్కు పోతే, ఎప్పుడూ కొనే షాపుల కౌంటర్ మీద ఇది కనబడ్డది. షాపాయన 'సార్, మీ అసోంటోళ్లకే ఇది' అన్నడు, అమ్మేటాయన అట్లనే అంటడు గని ఆరోజు నాకు నిజంగనే అవసరముండె. నేను జిల్లా పరిషత్ హైస్కూల్ల సోషల్ చెప్త. పొద్దుగాల ప్రార్థనల ప్రతిజ్ఞ అయినంక వార్తలు, ఒక సామెత, దాని తర్వాత 'నేటి విశేషం' అని ఒక పిల్లనో పిల్లగాడో వచ్చి చదువుతరు, అదే బోర్డు మీద రాస్తరు. అది నా డ్యూటీ. ఇన్నేండ్లు ఫోన్ల వచ్చే 'చరిత్రలో ఈ రోజు' మెసేజీలు చూసి ఇచ్చేటోన్ని, అవి ఎంత మోసమో అందరికి ఎరుకే. ఫిబ్రవరి 14 వచ్చిందంటే చాలు భగత్‌సింగ్‌ను ఉరి తీసిన రోజు ఇదే, మీరేమో ప్రేమికుల రోజు చేసుకుంటున్నరు, సిగ్గుండాలె అని ఒక మెసేజ్ ఊరంత తిరుగుతది. ఉరి తీసింది 1931 మార్చి 23న. ఒక సంవత్సరం అది చూడకుండ నేనే బోర్డు ఎక్కియ్యబోయిన, తెలుగు మేడం పట్టుకున్నది గని లేకుంటే పిల్లల ముందట ఇజ్జత్ పోతుండె. అందుకే అచ్చేసిన వస్తువు అయితే కొంచెం నమ్మకం ఉంటది గదా అని 350 పెట్టిన.

ముందుగాల వస్తువు సంగతి తొందరగ చెప్పేస్త. కాయితం మందం బాగుంది, అవతలి సిరా ఇవతలికి కనబడది. స్టాండ్ అట్ట మాత్రం వీక్, ఆగస్టు వానలకు చెమ్మ పట్టి వంగిపోయింది, ఇప్పుడు వెనుక ఒక డస్టర్ ఆనిచ్చి నిలబెడుతున్నం. స్ప్రింగ్ మంచిగనే ఉంది గని నూరు కాయితాలు తిప్పినంక వెనుక బరువెక్కి మొత్తం పల్టీ కొడుతది. అక్షరాలు చిన్నయి, చేతుల పట్టుకొని చదువుకోవాలె తప్ప దూరంగ నిలబడి చదవలేం. ప్రతి కాయితం అడుగున నాలుగు ఖాళీ గీతలు ఇచ్చిండ్రు, 'మీ జ్ఞాపకాలు' అని పైన రాసి. మొదట చూసి జాగా వేస్ట్ చేసిండ్రు, ఇంకో రెండు విషయాలు వేస్తే పోయేది గదా అనుకున్న. ఆ గీతల సంగతి మల్ల చెప్త.

తెలుగు గురించి చెప్పాలె. ఇంగ్లీషు మ్యాటర్‌ను మెషిన్ల వేసి తిప్పినట్టు సక్కగ కనబడుతది. డిసెంబర్ 1 కాయితం చూడుండ్రి: 1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన ఫుట్‌బాల్ టీం ఆస్ట్రేలియాను 4-2తోని కొట్టిన రోజు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టిండు, ఒలింపిక్స్ ఫుట్‌బాల్ల హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు. దాన్ని వీళ్లు 'డిసౌజా టోపీ మాయ చేశాడు' అని వేసిండ్రు. ఎనిమిదో తరగతి పిల్లగాడు అట్లనే మైకుల చదివిండు, చదివి నా దిక్కు చూసిండు, సార్ ఆయన మెజీషియనా అని. ప్రార్థన మొత్తం నవ్వుడే. పీఈటీ సారు మైక్ గుంజుకొని హ్యాట్రిక్ అంటే ఏందో చెప్పి, అట్నుంచి అటే ఆ టీం కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, ఆ టీంల తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ల పుట్టినోడు, సెమీస్‌ల యుగోస్లావియా చేతిల, కాంస్యం మ్యాచ్‌ల బల్గేరియా చేతిల ఓడి నాలుగో ప్లేస్‌ల ఆగినం, ఒలింపిక్స్ ఫుట్‌బాల్ల మనకు అదే పెద్దది అని పది నిమిషాలు దంచిండు. ఫస్ట్ పీరియడ్ సగం పాయె, లెక్కల సారు నా మీద గరం. అయినా నాకు మాత్రం ఆ రోజు పైసలు వసూలైనట్టే అనిపిచ్చింది.

ఇగ అసలు ముచ్చట, జూన్ 21.

బడి తెరిచి పది రోజులు కాలే, అందరు యోగా డే హడావుడిల ఉన్నరు. నేను కాయితం తిప్పిన. యోగా దినోత్సవం ఉంది. ఏడాదిల పొడుగు పగలు అని ఉంది. 1948ల రాజాజీ గవర్నర్ జనరల్‌గ ప్రమాణం చేసిన రోజు అని ఉంది, ఆ కుర్చీల కూసున్న ఒకే ఒక్క భారతీయుడు ఆయన, మంచిదే. 1970ల మెక్సికోల బ్రెజిల్ ఇటలీని 4-1తోని కొట్టి వరల్డ్ కప్ మూడోసారి గెలిచిన రోజు, పీలేకు అది మూడో కప్పు, అది ఉంది. 1975ల లార్డ్స్‌ల మొదటి క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ ఉంది. 2025 జూన్ 21కి ఆ ఫైనల్‌కు సరిగ్గ 50 ఏండ్లు. క్లైవ్ లాయిడ్ 102 కొట్టిండు, వెస్టిండీస్ 17 పరుగులతోని గెలిచింది, ఆస్ట్రేలియావాళ్లు ఐదుగురు రన్ అవుట్, అండ్ల ముగ్గురిని చేసింది రిచర్డ్స్. పొద్దుగాల మొదలైన మ్యాచ్ రాత్రి తొమ్మిది కావస్తుంటె అయిపోయింది, ఆ దేశంల గప్పుడు కూడ వెలుగు ఉంటది, పొడుగు పగలు కాబట్టే ఆడగలిగిండ్రు. ఇవి రెండు ఒకే కాయితం మీద ఉన్నయి గని ఒకదానికి ఒకటి కలుపలేదు క్యాలెండరోళ్లు, కలిపితే పిల్లలకు ఎంత బాగుంటది. సరే.

కాయితం పైనుంచి కిందికి రెండుసార్లు చూసిన, పీవీ లేడు. 1991 జూన్ 21న పీవీ నరసింహారావు ప్రధానమంత్రిగ ప్రమాణం చేసిండు. మా నర్సంపేట దిక్కు లక్నేపల్లిల పుట్టినాయన, వంగరల పెరిగినాయన, హనుమకొండ నుంచి రెండుసార్లు ఎంపీ. తెలుగు క్యాలెండర్ల తెలుగు ప్రధాని ప్రమాణం చేసిన రోజు లేదు! జయశంకర్ సారు సుత లేడు. 2011 జూన్ 21న సారు పోయిండు, ఆత్మకూరు పక్కన అక్కంపేట ఆయనది, కాకతీయ యూనివర్సిటీకి వీసీగ చేసిండు, ఇప్పుడు ఆయన పేరు మీద జిల్లా ఉంది, వ్యవసాయ యూనివర్సిటీ ఉంది. ఒకే తారీఖున మా జిల్లాల పుట్టిన ఇద్దరు పెద్ద మనుషుల ముచ్చట్లు ఉంటె రెండూ లేవు. మరి ఆ రోజు పుట్టినవాళ్ల కింద ఎవరున్నరంటే ఇద్దరు హాలీవుడ్ యాక్టర్లు, వాళ్ల పేర్లు నేనే ఎన్నడు విన్లేదు, పిల్లలేం వింటరు.

నాకు కోపమొచ్చింది, అబద్ధం చెప్పను. వాపస్ ఇచ్చేద్దామనుకున్న. ఆ ఊపులనే పెన్సిల్ తీసి అడుగున ఖాళీ గీతల మీద 'పీవీ, 1991' అని ఒక లైన్ల, 'జయశంకర్ సారు, 2011' అని ఇంకో లైన్ల రాసిన. రాసి బోర్డు కాడికి పంపిన. చదివిన పిల్ల తొమ్మిదో తరగతి, అండ్ల అచ్చు ఏంది పెన్సిల్ ఏంది అని తేడా లేకుండ ఐదారు ముక్కలు ఒక్క తీరుగనే చదివింది, వినెటోళ్లకు ఏం తేడా తెల్వలే. చదివినంక నా దగ్గరికొచ్చి సార్ మిగిలిన రెండు లైన్లు నేను రాయాల్నా అని అడిగింది. ఏం రాస్తవే అంటే, 'మా తాత పీవీ సారును చూసిండట, అది రాస్త' అన్నది. రాయి అన్న. ఆ రోజునుంచి ఆ గీతలు పిల్లలవే అయినయి.

పీవీ ముచ్చట్ల ఇంకొకటి. 1984ల ఆయన హనుమకొండల ఓడిపోయిండు, చందుపట్ల జంగారెడ్డి గెలిచిండు, దేశం మొత్తంల బీజేపీకి వచ్చినయే రెండు సీట్లు, అండ్ల ఒకటి మన హనుమకొండ. పీవీ అప్పుడే మహారాష్ట్రల రాంటెక్ నుంచి సుత నిలబడ్డడు కాబట్టి లోక్‌సభల ఉండగలిగిండు. 1991ల ప్రమాణం చేసేటప్పుడైతే ఎంపీనే కాదు, తర్వాత నంద్యాలల నిలబడి 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతోని గెలిచిండు. పదో తరగతోళ్లకు ఇది చెప్తే ఎంపీ కాకుండ ప్రధాని ఎట్లయితరు సార్ అని మొదలుపెట్టిండ్రు, ఆరు నెలల లోపల ఏదో ఒక సభల మెంబర్ కావాలె అని రాజ్యాంగం పాఠం అక్కడనే అయిపోయింది. నేను ముందుగాల అనుకున్న పాఠం వేరే, అయినా అయిపోయింది.

నాలుగు రోజులకు జూన్ 25. ఇది మొత్తం క్యాలెండర్లనే బలమైన కాయితం కావాలె, అట్లాంటిది తప్పు చేసిండ్రు. 1983 వరల్డ్ కప్ అని పెద్దగ వేసి, '50 ఓవర్ల ఫైనల్‌లో భారత్ 183కు ఆలౌట్ అయినా గెలిచింది' అన్నరు. పీఈటీ సారు స్కోర్ కార్డు నోటికి చెప్తడు: మనోళ్లు 54.4 ఓవర్లల ఆలౌట్. 50 ఓవర్ల మ్యాచ్‌ల 54.4 ఓవర్లు ఎట్ల ఆడిండ్రయ్యా? అప్పుడు వరల్డ్ కప్ మ్యాచ్ అంటే 60 ఓవర్లు. వెస్టిండీస్ 52 ఓవర్లల 140కి అయిపోయింది, 43 పరుగుల తేడా. శ్రీకాంత్ 38 కొట్టిండు, అదే మ్యాచ్‌ల హైయెస్ట్. మదన్‌లాల్ బౌలింగ్‌ల రిచర్డ్స్ లేపిన బంతిని కపిల్ వెనుకకు ఉరికి పట్టిండు, అమర్‌నాథ్ 12 పరుగులకు 3 వికెట్లు. ఇవన్ని వదిలేసి ఓవర్లు వేసిండ్రు, ఆ ఒక్కటి కూడ తప్పు.

దానికన్న పెద్ద నష్టమేందంటే అదే తారీఖు, అదే గ్రౌండ్, 51 ఏండ్ల ముందు, 1932 జూన్ 25న లార్డ్స్‌లనే ఇండియా తన మొట్టమొదటి టెస్టు మొదలుపెట్టింది. కెప్టెన్ సి.కె. నాయుడు, పుట్టింది నాగపూర్లనే అయినా తెలుగింటి మనిషి, కొట్టారి కనకయ్య నాయుడు. పొద్దు పొద్దుగాలనే మన ఫాస్ట్ బౌలర్ నిస్సార్ ఇద్దరు ఓపెనర్లను బౌల్డ్ చేసిండు, ఇంకొకడు రన్ అవుట్, ఇంగ్లాండ్ 19కి 3. ఆఖరికి 158 పరుగులతోని ఓడినం అనుకోండ్రి, కాని మొదటి ఇన్నింగ్స్‌ల మనకు ఎక్కువ కొట్టింది నాయుడే, 40. తెలుగు క్యాలెండర్ల ఇది లేదు. పీఈటీ సారు పెన్సిల్ తీసుకొని ఖాళీ గీతలల్ల తనే రాసిండు, చేతి రాత డాక్టర్ల లెక్క ఉంటది, పిల్లలు 'ఓకే నాయుడు' అని చదివిండ్రు.

ఎమర్జెన్సీ సుత అదే తారీఖు, 1975, 2025కు 50 ఏండ్లు, అది మాత్రం సక్కగ వేసిండ్రు. జర చెప్పాల్సిందేందంటే సంతకమయింది 25 రాత్రి, జనానికి తెలిసింది 26 పొద్దుగాల రేడియోల. మా ఇంట్ల పెద్దోళ్లు ఎప్పుడూ జూన్ 26 అనే అంటరు, ఇప్పుడు సమజయింది ఎందుకో.

ఈ తారీఖుల పంచాయితీ చాన చోట్ల ఉంది. జూలై 20న మనిషి చంద్రుని మీద దిగిండు అని ఉంది, 1969. నిజమే, గని మన గడియారం ప్రకారం అది జూలై 21 రాత్రి ఒకటి 47 అయితది, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టేసరికి మనకు పొద్దుగాల ఎనిమిదిన్నర కావస్తున్నది. నవంబర్ 7న 'అక్టోబర్ విప్లవం' అని చదవంగనే అందరు నవ్విండ్రు, మల్ల తప్పు వేసిండ్రని. ఈసారి తప్పు వాళ్లది కాదు, రష్యాల అప్పుడు పాత క్యాలెండర్, వాళ్ల లెక్కల అక్టోబర్ 25. ఒక చిన్న నోట్ ఇస్తే అయిపోవు, ఇయ్యలే. నేను ఈ పాఠం చెప్పేటందుకు ఇంట్ల పాత సందుగుల ఉన్న మా తాత భూమి కాయితం పట్కపోయిన. అండ్ల ఉర్దూల 1358 ఫసలీ అని ఉంటది. నిజాం సర్కార్ల లెక్క ఫసలీలనే, 590 కలుపుకుంటే మన లెక్క వస్తది, అంటే 1948-49. పట్వారీ దగ్గరికి పోయిన ముసలోళ్లందరికి ఈ కూడుడు నోటికొచ్చు, పిల్లలకు వింత. ఒక్క ఊర్ల ఎన్ని క్యాలెండర్లు నడిచినయో చూడుండ్రి.

తిథులతోని అయితే ఈ క్యాలెండర్ పూర్తిగ ఫెయిల్. కొమురం భీంకు ఒక అక్టోబర్ తారీఖు వేసి పెట్టిండ్రు. కాని జోడేఘాట్ల గోండు వాళ్లు వర్ధంతి చేసేది ఆశ్వయుజ పౌర్ణమి నాడు, అది ఏటా మారుతది, సర్కారు కూడ ఆ పౌర్ణమికే పోయి దర్బారు పెడుతది. తారీఖు పట్టుకొని పోతే అక్కడ ఎవ్వరు ఉండరు. అట్లనే మేడారం. ఈసారి జాతర 2026 జనవరి 28న మొదలైంది, బడిల సగం మంది లేరు, ఉన్న సగం మంది జనవరి 28 కాయితం మీద లాలా లజపతిరాయ్ జయంతి కింద 'సారలమ్మ గద్దెకొచ్చిన రోజు' అని రాసిండ్రు. 2024ల ఫిబ్రవరి 21, ఈసారి జనవరి 28, మాఘ పౌర్ణమి ఎటుంటె అటు. మల్ల రెండేండ్లకు ఈ కాయితం పనికిరాదు గదా అంటే, ఒకడు 'అప్పుడు మల్ల రాస్తం సార్, జాగా ఉంది' అన్నడు.

ఆటల దగ్గరికి వస్తే ఇంకొక బాధ. ఉత్తర తెలంగాణ ఆడపిల్లలు ఇంత చేసిండ్రు, వాళ్లవన్ని ఎండకాలం సెలవులల్లనే పడ్డయి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, వయసు 13 ఏండ్ల 11 నెలలు. 2022 మే 19న నిఖత్ జరీన్, నిజామాబాద్ పిల్లనే, ఇస్తాంబుల్ల వరల్డ్ చాంపియన్ అయింది, థాయ్‌లాండ్ బాక్సర్ను 5-0తోని కొట్టింది. రెండు కాయితాలు క్యాలెండర్ల ఉన్నయి, శభాష్, కాని బడి లేదు, ప్రార్థన లేదు, చదివేదెవరు. అందుకే ఏప్రిల్ల సెలవులిచ్చే ముందు రోజు రెండూ కలిపి చదివిపిచ్చిన. పూర్ణ కాయితం మీద 'తెలంగాణ రాష్ట్ర బాలిక' అని ఉంటే ఏడో తరగతి పిల్లగాడొకడు చెయ్యి లేపి 'సార్, తెలంగాణ వచ్చింది జూన్ 2 గదా, మే 25కు ఎట్ల తెలంగాణ రాష్ట్రం అయింది' అన్నడు. ఎనిమిది రోజుల తేడా! నేను ఇన్ని సార్లు చదివిన, నాకు తట్టలే. వానికి ఒక పెన్ను ఇచ్చిన.

సెప్టెంబర్ 3 మాత్రం బడి రోజే, కాయితం మీద దీప్తి జీవాంజి లేదు. మా పక్క మండలం పర్వతగిరి కల్లెడ పిల్ల, 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల పరుగుల 55.82 సెకన్లల కాంస్యం తెచ్చింది, అంతకుముందు మేల జపాన్ కోబేల 55.07తోని తన విభాగంల వరల్డ్ రికార్డు పెట్టింది. ఇది లేకపోవుడు నేను మాఫ్ చెయ్యను. కొత్తది కాబట్టి చేరలే అంటరేమో, అదే క్యాలెండర్ల పారిస్ ఒలింపిక్స్ ముచ్చట్లు వేరే కాయితాల మీద ఉన్నయి మరి. ఆ రోజు నాలుగు గీతలు సరిపోలే, పిల్లలు అంచుల మీద సుత రాసిండ్రు. కల్లెడల చుట్టాలున్న పిల్ల ఒకతి ఉంది మా బడిల, వారం రోజులు ఆమెదే రాజ్యం.

సెప్టెంబర్ 17 ఏం వేస్తరో అని నేను ముందుగాలనే తిప్పి చూసుకున్న, ఎందుకంటే ఆ రోజుకు ఒక్కొక్కళ్లు ఒక్కొక్క పేరు, విలీనం అంటరు, విమోచన అంటరు, విద్రోహం అనేటోళ్లు ఉన్నరు, సర్కార్లు సమైక్యతా దినం అన్నయి, ప్రజాపాలన దినం అన్నయి. బోర్డు మీద ఏ మాట రాస్తే ఎవరు ఫోన్ చేస్తరో తెల్వది. క్యాలెండరోళ్లు తెలివిగ '1948: హైదరాబాద్ సంస్థానం భారత్‌లో చేరింది' అని ఊకున్నరు. 13న సైన్యం వచ్చింది, 17న నిజాం రేడియోల చెప్పిండు, 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయిండు, ఇంతవరకు నేను చెప్పి పేరు మీ ఇంట్ల అడుగుండ్రి అన్న. తెల్లారి పిల్లలు తెచ్చిన జవాబులు రాస్తె ఇది రివ్యూ కాదు ఇంకేదో అయితది.

మార్చి 14 ఒక్కటి మెచ్చుకోవాలె, దాని పనితనం నిజంగ బాగుంది. ఐన్‌స్టీన్ పుట్టింది, కార్ల్ మార్క్స్ పోయింది, హాకింగ్ పోయింది, మన దేశంల మొదటి మాటల సినిమా ఆలం ఆరా విడుదలైంది, అన్ని ఒక్క తారీఖే. దాని కింద 2001ల ఈడెన్ గార్డెన్స్‌ల లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దంత ఔట్ కాకుండ ఆడిన రోజు, ఒక్క వికెట్ పడకుండ 335 పరుగులు. ఈ కాయితం ఎవరో మనసు పెట్టి రాసినట్టుంది, తెలుగు సుత మంచిగుంది. రెండో శనివారం సెలవు పడ్డదని శుక్రవారమే చదివిపిచ్చిన. ఇట్లాంటివి ఒక ముప్పై నలభై కాయితాలు ఉన్నయి, మిగిలినవి మెషిన్ పనే.

కాకతీయుల దగ్గర మాత్రం సగం సగం. 2021 జూలై 25న రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది, అది ఉంది, గుడి కట్టింది 1213 అని కరెక్ట్‌గ వేసిండ్రు. నవంబర్ 27 కాయితం మీద రుద్రమదేవి లేదు. 1289 నవంబర్ 27 తారీఖు మనకు దొరికింది ఆమె పోయిన ముచ్చట చెప్పే నల్లగొండ దిక్కు చందుపట్ల శాసనం నుంచి, రాయి మీద ఉన్న శక సంవత్సరం, తిథి లెక్కగట్టి పండితులు తేల్చిండ్రు. ఏడు వందల ఏండ్ల కింద పోయిన రాణి తారీఖు ఒక రాయి మీద దొరికింది అంటే పిల్లలు నోరు తెరుచుకొని విన్నరు. అక్టోబర్ 10న నెహ్రూ వచ్చి మన ఆర్ఈసీకి, ఇప్పటి ఎన్ఐటీకి, పునాది రాయి వేసిండు, 1959. ఆగస్టు 19న కాకతీయ యూనివర్సిటీ పుట్టింది, 1976. రెండూ లేవు, రెండూ పెన్సిల్‌తోని వచ్చినయి.

తప్పులన్ని ఒక లిస్టు చేసి కంపెనీకి మెయిల్ పెట్టిన, సెప్టెంబర్ల. 23 తప్పులు, పేజీ పేజీ రాసి. రెండు రోజులకు జవాబొచ్చింది, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, ఐదు నక్షత్రాలు ఇవ్వగలరు అని. నేను మూడిచ్చిన. కాయితానికి ఒకటి, ఏ సంవత్సరమైనా నడుస్తది అన్నదానికి ఒకటి, ఆ నాలుగు ఖాళీ గీతలకు ఒకటి. మ్యాటర్‌కు ఏం ఇయ్యలే, మార్చి 14 రాసినాయన ఎవరో గని ఆయనకు వేరుగ ఇయ్యాలె.

కొనేటోళ్లకు చెప్పేది: ఇంట్ల టేబుల్ మీద అలంకారానికి అయితే వద్దు, ఆ పైసలకు రెండు మంచి పుస్తకాలొస్తయి. క్విజ్ పోటీలకు పోయే పిల్లలకు అయితే అస్సలే వద్దు, 50 ఓవర్లు అని రాసి వస్తరు. బడి టీచర్లు, లైబ్రరీ నడిపేటోళ్లు, ఊర్ల యూత్ సంఘం ఉన్నోళ్లు తీసుకోండ్రి, గని అచ్చేసింది ఒకసారి చూసుకొనే చదివియ్యుండ్రి, పక్కన పెన్సిల్ పెట్టుకోండ్రి. జెల్ పెన్ను వాడకుండ్రి, ఆ కాయితం మీద అలుక్కపోతది, జూలై మొత్తం మాకు గట్లనే ఖరాబైంది.

మొన్న చాక్‌పీసుల కోసం మల్ల అదే షాపుకు పోతె ఆయన 'సార్, కొత్త స్టాకొచ్చింది, ఇంకోటి కట్టాల్నా' అన్నడు. కొత్తదాంట్ల జూన్ 25 తిప్పి చూసిన, 50 ఓవర్లు అట్లనే ఉన్నయి. వద్దన్న. మాది ఇప్పుడు సగం అచ్చు, సగం పెన్సిల్, డొక్కు అట్ట, వెనుక డస్టర్. ఒక్క ఫిబ్రవరి 29 కాయితం మాత్రం తెల్లగనే ఉంది, మొరార్జీ దేశాయ్ పుట్టినరోజు ఒక్కటే ఉంది దాని మీద, ఎవ్వరు చదవలే, ఎవ్వరు రాయలే. ఆరో తరగతి పిల్లలు అది మాదే అని ఇప్పుడే లైన్ కట్టిండ్రు, 2028ల వాళ్లు ఎనిమిదికి వస్తరు.